ఛాయల వరుసతో చేతికుట్టు క్విల్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

తెల్ల నూలుగుడ్డకి ఇంట్లోనే రంగు అద్దుకుని, ముదురు నుంచి లేత దాకా ఒకే రంగులో మెట్లు మెట్లుగా ముక్కలు తయారుచేసుకుని, వాటిని కలిపి చేత్తో క్విల్ట్, అంటే పైగుడ్డ, మధ్యపొర, వెనకగుడ్డ కలిపి కుట్టే బొంత, కుట్టేవాళ్లు అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో సగానికి పైగా అద్దకం గురించే ఉంటుంది. ఈ రకం క్విల్ట్ బాగా రావడం, రాకపోవడం చాలావరకు సూది పట్టుకోకముందే, కొలతల దగ్గరే తేలిపోతుంది మరి.

అన్ని ఛాయల్లోనూ ప్లెయిన్ గుడ్డ దొరుకుతోంది కదా, పనిగట్టుకుని అద్దుకోవడం ఎందుకు?

దొరుకుతుంది, నిజమే. ఒక ఎనిమిది నీలాలు తెచ్చి ముదురు నుంచి లేతకి పేర్చి చూడండి. రెండు దాదాపు ఒకేలా ఉంటాయి. ఇంకో రెంటి మధ్య పెద్ద గెంతు ఉంటుంది. ఒకటి ఆకుపచ్చ వైపు, మరొకటి వంకాయరంగు వైపు తిరుగుతుంది. ఒకే తానులోంచి కోసి, ఒకే పొడితో, ఒకే పూట అద్దిన గుడ్డల్లో తేడా ఒక్కటే ఉంటుంది: రంగు మోతాదు. అందుకే వరుస నిజంగా వరుసలా కనిపిస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. చేతి అద్దకంలో గుడ్డ మీద రంగు మబ్బు మబ్బుగా, ఒకచోట కాస్త చిక్కగా, ఒకచోట పలచగా పడుతుంది. రెండు ముక్కలు కలిసే చోట ఆ హెచ్చుతగ్గుల వల్ల కుట్టుగీత కంటికి ఆనదు, ఒక ఛాయ పక్కదానిలోకి జారిపోయినట్టుంటుంది. మిల్లు రంగు గుడ్డతో ఆ అందం రాదు.

ఏ గుడ్డ వాడాలి?

నూటికి నూరు శాతం నూలు. పాలిస్టర్ కలిసిన గుడ్డలో రంగు నూలుపోగుకి మాత్రమే పడుతుంది, పాలిస్టర్ పోగు తెల్లగానే ఉండిపోతుంది. ఎంత పొడి పోసినా గుడ్డ వెలిసినట్టే కనిపిస్తుంది. "ముడతలు పడదు", "మరకలు అంటవు" అని రాసి ఉన్న గుడ్డ జోలికి అసలు పోవద్దు. ఆ పూత రంగుని లోపలికి వెళ్లనివ్వదు.

అద్దకం కోసమే తయారుచేసి పీఎఫ్‌డీ పేరుతో అమ్మే గుడ్డ దొరికితే సగం పని తగ్గుతుంది. మెర్సరైజ్ చేసిన (క్షారంతో మెరుపు తెప్పించిన) నూలైతే అదే మోతాదు పొడికి రంగు ఇంకా చిక్కగా వస్తుంది. అయితే ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. గుడ్డ ఎంత దట్టమైన నేతైతే అద్దకం అంత నున్నగా, అందంగా వస్తుంది, చేత్తో కుట్టేటప్పుడు అంత ఏడిపిస్తుంది. బాతిక్ (మైనపు అద్దకం) కోసం నేసే గట్టి గుడ్డలో సూది దిగదు, మూడు పొరలు కలిశాక వేళ్లు వాచిపోతాయి. కొనేముందు ఒక సూది వెంట తీసుకెళ్లండి. గుడ్డ మూలలో గుచ్చి చూస్తే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది.

పీఎఫ్‌డీ గుడ్డయినా సరే వేడినీళ్లలో కాస్త చాకలి సోడా, కాస్త డిటర్జెంట్ వేసి ఒకసారి ఉతికి ఆరేయండి. తర్వాత పొడిగుడ్డ మీద నీటిచుక్క వేయండి. వెంటనే ఇంకిపోతే గుడ్డ సిద్ధమైనట్టు. చుక్క పైన పూసలా నిలబడితే ఇంకా గంజో జిడ్డో మిగిలుంది, మళ్లీ ఉతకాల్సిందే.

ఏ రకం రంగు మంచిది?

రియాక్టివ్ రంగులు. 1856లో విలియం పెర్కిన్ మొదటి కృత్రిమ రంగు మావ్‌ని తయారుచేశాడు. సరిగ్గా నూరేళ్లకి, 1956లో, బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీ ప్రోసియన్ పేరుతో నూలుకి రియాక్టివ్ రంగులు మార్కెట్లోకి తెచ్చింది. అంతకుముందు వాడిన చాలా రంగులు నూలుపోగులో ఇరుక్కుని ఉండేవి, ఉతికిన కొద్దీ బయటపడేవి. ఇవి అలా కాదు. చాకలి సోడా లాంటి క్షారం తోడైతే రంగు అణువు నూలులోని సెల్యులోజ్‌తో రసాయనబంధం కట్టేసుకుంటుంది. మరిగించాల్సిన పని లేదు, 21 డిగ్రీల సెల్సియస్ పైన గది వెచ్చదనం చాలు. ఇంట్లో వాడుకునేవాళ్లకి ప్రోసియన్ ఎంఎక్స్ రకం సులువు.

"అన్ని గుడ్డలకీ" అని రాసి ఉండే డబ్బా రంగులు వద్దు. ఒకసారి ఉతికేసరికి ముదురు మెట్లలోంచి దిగిన రంగు లేత మెట్లకి అంటుకుంటుంది, అక్కడితో వరుస పోయినట్టే.

నీలిమందుతో ఛాయల వరుస చేయొచ్చా?

చేయొచ్చు, చాలా అందంగా వస్తుంది. పద్ధతి మాత్రం వేరు. మోతాదుతో కాకుండా ముంచిన సార్లతో ఛాయ ముదురుతుంది. అన్నీ కలిపి ముంచి, మొదటి ముంపు తర్వాత ఒక ముక్క తీసేసి, రెండో ముంపు తర్వాత ఇంకొకటి, ఇలా వెళ్లాలి. నీలిమందు పోగుతో బంధం కట్టుకోదు, పైన పేరుకుంటుంది. అందుకని ముదురు ముక్కలు కుట్టేటప్పుడు వేళ్లకీ తెల్లదారానికీ నీలం అంటుతుంది. తెలిసే మొదలుపెట్టండి.

జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

పొడి పీల్చకూడదు, ముఖ్యమైనది ఇదే. రియాక్టివ్ పొడి ఊపిరితిత్తులకి అలర్జీ తెప్పించగలదు, ఒకసారి వస్తే ఆ తర్వాత కొంచెం తగిలినా ఇబ్బందే. మాస్కు వేసుకుని, ఫ్యాను ఆపి, తడి కాగితం పరిచి దాని మీద తూచండి. పొడి నీళ్లలో కలిసిపోయాక టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. గ్లవ్స్ మాత్రం చివరి వరకు ఉండాలి. సోడా కూడా చర్మాన్ని తినేస్తుంది. వంటకి వాడే గిన్నెలు, చెంచాలు, జగ్గులు దీనికి వాడొద్దు. ఒకసారి వాడితే అవి ఇక అద్దకానికే.

మెట్లు తయారుచేయడానికి కొలతలు ఎలా వేసుకోవాలి?

చాలామందికి ముందు తట్టే లెక్క సమానంగా తగ్గించడం: మొదటి ముక్కకి 100 పాళ్లు, తర్వాత 90, 80, 70. అలా చేస్తే ముదురు ముక్కలు నాలుగైదు ఒకేలా వస్తాయి, చివర్లో 20కీ 10కీ మధ్య ఒక్కసారిగా గెంతు కనిపిస్తుంది. మన కన్ను తేడాని కాదు, నిష్పత్తిని చూస్తుంది. 100 నుంచి 90కి తగ్గింది పదో వంతే, 20 నుంచి 10కి తగ్గింది సగం. కాబట్టి ప్రతి మెట్టులోనూ ముందుదాంట్లో సగం రంగు ఉండేలా చూసుకోవాలి.

లెక్కలు వేసే అవసరం లేని పద్ధతి ఒకటుంది. అర మీటరు ముక్కలు ఎనిమిది తీసుకోండి. దాదాపు 110 సెంటీమీటర్ల పన్నా ఉన్న మామూలు నూలుగుడ్డలో ఒక్కో ముక్క సుమారు 75 గ్రాములు తూగుతుంది. 6 గ్రాముల పొడిని ముందు కొద్ది గోరువెచ్చని నీళ్లలో ముద్దలా కలిపి, తర్వాత మొత్తం 600 మిల్లీలీటర్లు చేయండి. అందులో 300 మి.లీ. మొదటి డబ్బాలో పోయండి. జగ్గులో మిగిలిన 300కి మళ్లీ మామూలు నీళ్లు పోసి 600కి తెండి, బాగా కలపండి, 300 రెండో డబ్బాలో పోయండి. ఇలా ఎనిమిది డబ్బాలూ నింపండి. మొదటిదాంట్లో 3 గ్రాముల పొడి పడింది, అంటే గుడ్డ బరువులో 4 శాతం, మంచి ముదురు రంగు. ఎనిమిదో దాంట్లో అందులో 128వ వంతు. అన్ని డబ్బాల్లో నీళ్లు మాత్రం సమానం. అదే ఈ పద్ధతిలో గొప్ప, ఎందుకంటే నీళ్ల కొలత మారితే రంగు పట్టే తీరూ మారిపోతుంది.

ఇప్పుడు తడిపి పిండిన ముక్కని ఒక్కో డబ్బాలో కుక్కండి. పావుగంట, ఇరవై నిమిషాలు గుడ్డ రంగు పీల్చుకోనివ్వండి. ఈలోపు లీటరు వేడినీళ్లలో 60 గ్రాముల సోడా యాష్ (చాకలి సోడా పొడి) కరిగించి చల్లారనివ్వండి. తర్వాత ఒక్కో డబ్బాలో ఆ సోడానీళ్లు 150 మి.లీ. పోసి గుడ్డని అటూ ఇటూ నొక్కండి. మూతపెట్టి వెచ్చని చోట వదిలేయండి. గంటలోనే చాలావరకు పని అయిపోతుంది, చలిగా ఉంటే మర్నాటి దాకా ఉంచడం మేలు.

సోడా పడిన క్షణం నుంచి రంగు నూలుతోనే కాదు, నీళ్లతోనూ కలిసిపోవడం మొదలుపెడుతుంది. అందుకే మిగిలిన రంగునీళ్లు ఇంకో గుడ్డకి పనికొస్తాయని దాచుకోవద్దు. చూడ్డానికి చిక్కగానే ఉంటాయి, అందులో పట్టే శక్తి పోయి ఉంటుంది. సోడా కలపని రంగునీళ్లు మాత్రం కొద్దిరోజులు చల్లని చోట నిలవుంటాయి.

మెట్ల మధ్య తేడా నాకు ఎక్కువగా అనిపిస్తోంది. ఇంకా మెత్తగా జారాలంటే?

సగానికి బదులు పదింట ఏడు వంతులు పెట్టుకోండి. 10 గ్రాముల పొడితో లీటరు రంగు కలిపి, ప్రతిసారి 300 మి.లీ. తీసి, మిగిలిన 700ని నీళ్లతో మళ్లీ లీటరుకి తేవాలి. ఈ లెక్కన ఎనిమిదో ముక్కలో మొదటిదాంట్లో పన్నెండో వంతు రంగు ఉంటుంది, అంటే వరుస మధ్యరంగు దగ్గరే ఆగిపోతుంది. లేత చివర కూడా కావాలంటే ముక్కల సంఖ్య పెంచక తప్పదు. నా మటుకు, దుప్పటంత పెద్ద క్విల్ట్‌కి సగం మెట్లు చాలు, దూరం నుంచి చూసేదే కదా. గోడకి వేలాడదీసే చిన్నదానికి పదింట ఏడు వంతుల వరుస బాగుంటుంది.

తడిగా ఉన్నప్పుడు ఏది మూడో మెట్టో, ఏది నాలుగోదో తెలియడం లేదు. గుర్తు ఎలా పెట్టాలి?

అద్దకముందే ముక్క మూలలో పాలిస్టర్ దారంతో కుట్లు వేయండి: మొదటి ముక్కకి ఒకటి, రెండోదానికి రెండు. ఈ రంగులు పాలిస్టర్‌కి పట్టవు కాబట్టి ఎంత ముదురు గుడ్డ మీదైనా ఆ కుట్లు తెల్లగానే కనిపిస్తాయి. కత్తిరించేదాకా వాటిని విప్పకండి.

గుడ్డ మచ్చలు మచ్చలుగా వచ్చింది. తప్పెక్కడ?

తప్పేం లేదు. తక్కువ నీళ్లలో కుక్కి అద్దితే అలాగే వస్తుంది, ఈ క్విల్ట్‌కి కావాల్సిందీ అదే. ఏకరంగు కావాలనుకుంటే గుడ్డ బరువుకి ఇరవై రెట్ల నీళ్లు, అందులో ఉప్పు, ఆపకుండా కలపడం, సోడాని కొద్దికొద్దిగా చేర్చడం, ఇవన్నీ కావాలి. కానీ గాఢమైన చుక్కలు చుక్కలుగా పడితే అది పొడి సరిగ్గా కరగకపోవడం. ఈసారి రంగునీళ్లని పాత మేజోడు గుండా వడకట్టండి.

రెండు రంగుల మధ్య వరుస, అంటే పసుపు నుంచి నీలానికి, ఎలా చేయాలి?

రెండు రంగులకీ ఒకే బలమున్న ద్రావణాలు కలుపుకోండి. సగం సగం కలిపితే మధ్యఛాయ వస్తుందనుకోవద్దు. నీలం పసుపుని మింగేస్తుంది. నీలాన్ని నూటికి 0, 2, 4, 8, 16, 32, 64, 100 పాళ్లుగా పెంచుతూ, మిగతాది పసుపుతో నింపండి. ఆకుపచ్చలన్నీ వరుసగా విచ్చుకుంటాయి. ఎరుపుతో పసుపుకీ ఇదే తీరు. పెద్ద గుడ్డల మీద చేసేముందు చిన్న పీలికల మీద ఒకసారి చూసుకోవడం తెలివైన పని.

ఊదారంగు కలిపితే అక్కడక్కడ గులాబీ, నీలం విడిపోయాయి. ఎందుకు?

రంగులన్నీ ఒకే వేగంతో పట్టవు. ఫ్యూషియా లాంటి గులాబీ ఎరుపు సోడా తగలగానే పట్టేస్తుంది. నీలాలు కాస్త నిదానం, టర్కాయిస్ మరీ నిదానం, వెచ్చదనం కూడా ఎక్కువ అడుగుతుంది. అలాంటి జత వాడేటప్పుడు సోడా పోసేముందు గుడ్డని రంగులో ఎక్కువసేపు నాననివ్వండి. చాలామందికి ఆ విడిపోవడమే నచ్చుతుంది, అది వేరే సంగతి.

ఎన్నిసార్లు జాడించాలి?

నీళ్లు తేటగా వచ్చేదాకా. ఇది ఓపిక పరీక్షే. ముందు చల్లనీళ్లలో జాడించి సోడా వదిలించండి. తర్వాత చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో, 60 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ వేడిలో, కాస్త డిటర్జెంట్‌తో నానబెట్టి జాడించండి. పోగుతో బంధం కట్టుకోని రంగు చల్లనీళ్లకి పూర్తిగా రాదు, వేడికే వదులుతుంది. ముదురు మెట్లు రెండుమూడు వేడి స్నానాలైనా అడుగుతాయి. ముదురువి, లేతవి ఒకే బకెట్లో వేయకండి.

అయిపోయిందో లేదో తేల్చుకోవడానికి తడిముక్కని తెల్లగుడ్డ మీద పెట్టి వేడి ఇస్త్రీ ఆనించండి. తెల్లగుడ్డకి రంగు అంటకపోతే ఇక ధైర్యంగా కుట్టుకోవచ్చు. ఈ పని ఇప్పుడు బద్ధకిస్తే తర్వాత కొన్ని నెలల కుట్టుపని ఒక్క ఉతుకులో పాడవుతుంది. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు చూసి మురిసిపోవద్దు, దిగాలుపడొద్దు. ఆరితే మెట్టు మొత్తం లేతగా మారుతుంది.

ఒక మెట్టు సరిగ్గా రాలేదు. మళ్లీ అద్దాలా?

ముందు అన్నిటినీ వరుసగా పరిచి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. రంగు మాయ పోయి ముదురు లేతలు మాత్రమే మిగులుతాయి. ఫొటోలో వరుస సరిగ్గా ఉంటే ఆ ముక్కలో లోపం మీ కంటికే తప్ప క్విల్ట్‌లో కనిపించదు. నిజంగానే లేతగా ఉంటే ఇంకాస్త పలచని రంగులో మళ్లీ అద్దొచ్చు. ముదురైతే వెనక్కి తేవడం కుదరదు. దాన్ని వెనకవైపు గుడ్డకో అంచుకో వాడుకోండి. వరుసలో ఒక మెట్టు లేకపోయినా ఫర్వాలేదు, తప్పు మెట్టు ఉంటేనే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఏ డిజైన్ బాగుంటుంది?

ఎంత సాదాగా ఉంటే అంత మంచిది. చతురస్రాలు, నిలువు పీలికలు, లాగ్ కేబిన్ (మధ్య చతురస్రం చుట్టూ పీలికలు కుట్టుకుంటూ పోయేది). రంగు వరుసే కథ చెబుతున్నప్పుడు నక్షత్రాలూ పువ్వులూ తెచ్చిపెడితే రెండూ పోట్లాడుకుంటాయి. అమెరికాలో నిరాడంబరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ వర్గం స్త్రీల "సన్‌షైన్ అండ్ షాడో" క్విల్ట్‌లు ఒకసారి చూడండి. చిన్న చతురస్రాలే, మధ్య నుంచి వజ్రాకారపు వలయాలుగా ఛాయలు మారుతూ పోతాయి, అంతకుమించి ఏమీ లేదు. వాటిలో వెలుగు కదులుతున్నట్టే ఉంటుంది.

పీలికలు పక్కపక్కన కుడితే ఒక వింత కనిపిస్తుంది. ఒక పీలికలో ముదురు పక్కకి ఆనుకున్న అంచు లేతగా, లేత పక్కకి ఆనుకున్న అంచు ముదురుగా తోస్తుంది, ఏకరంగు గుడ్డయినా సరే. పారిస్‌లో బొమ్మల తెరలు నేసే గోబ్లాన్ కార్ఖానాలో అద్దకం విభాగాన్ని నడిపిన రసాయనశాస్త్రవేత్త షెవ్రెల్ పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఇలా మార్చడాన్ని లోతుగా పరిశీలించి 1839లో ప్రచురించాడు. మనకి పనికొచ్చే సంగతేమిటంటే, పీలికలు వెడల్పుగా ఉంటే ఈ మాయ అంచుల్లోనే ఆగిపోతుంది. సన్నగా, పూర్తయ్యాక మూడు నాలుగు సెంటీమీటర్లుంటే మొత్తం గుడ్డ గాడులు పడినట్టు అలలు అలలుగా కనిపిస్తుంది. ఏది కావాలో కత్తెర పట్టేముందే తేల్చుకోండి.

ఎనిమిది అర మీటరు ముక్కల్లోంచి కుట్టుమార్జిన్లు పోను 130 × 180 సెంటీమీటర్ల పైభాగం తేలిగ్గా వస్తుంది. ప్రతి అతుకులోనూ ఇరువైపులా 6 మిల్లీమీటర్లు లోపలికి పోతాయని గుర్తుంచుకోండి. 8 సెంటీమీటర్ల చతురస్రం కోస్తే చివరికి మిగిలేది 6.8.

ముక్కలు మెషిన్ మీద కలిపితే దాన్ని చేతికుట్టు అనొచ్చా?

అనొచ్చు. పొరలు కలిపే క్విల్టింగ్ కుట్టు చేతిది అయితే చాలు. మార్జిన్లని ముదురు గుడ్డ వైపే ఇస్త్రీ చేయండి, లేకపోతే లేతముక్క కింద నీడలా కనిపిస్తాయి.

మధ్యలో ఏ పొర పెట్టాలి?

మధ్యలో పరిచే మెత్తటి పొరని బ్యాటింగ్ అంటారు. చేతికుట్టుకి ఉన్ని బ్యాటింగ్ అన్నిటికంటే సుఖం, సూది దానంతటదే జారుతుంది, కుట్టు కూడా ఉబ్బెత్తుగా తేలుతుంది. నూలు బ్యాటింగ్ పలచగా, ఒంటికి హత్తుకునేలా ఉంటుంది, ఉతికాక కాస్త ముడుచుకుని పాత క్విల్ట్ ముడతలు వస్తాయి. అందులో సన్నటి వల అతికించిన రకం మెషిన్ కుట్టుకి ఉద్దేశించింది, చేతికి గట్టిగా తగులుతుంది. పాలిస్టర్ తేలిక. కానీ నాసిరకమైతే పోగులు గుడ్డలోంచి పైకి పాకుతాయి, ముదురు మెట్ల మీద తెల్ల నూగు అసహ్యంగా కనిపిస్తుంది. కుట్లు ఎంత దూరంలో ఉండాలో ప్యాకెట్టు మీద ఉంటుంది, దాన్ని దాటొద్దు.

పొరలు జరగకుండా ఎలా ఆపాలి?

టాకాలు వేయడమే. వెనక గుడ్డ, బ్యాటింగ్ నాలుగు వైపులా పది సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. వెనక గుడ్డని నేలకి టేపుతో బిగించి, పైన మిగతా రెండు పొరలూ పరిచి, మధ్య నుంచి బయటికి పది సెంటీమీటర్ల గళ్లుగా పొడుగు టాకాలు వేయండి. దారం తెల్లదే వాడండి, రంగు దారమైతే లేత మెట్ల మీద నూగు వదులుతుంది. పిన్నీసులు కుట్టేటప్పుడు గుడ్డని బిగించే ఫ్రేముకి అడ్డం పడతాయి.

గీతలు దేంతో గీయాలి?

ముదురు మెట్ల మీద తెల్ల చాక్ లేదా అరిగిపోయిన సబ్బుముక్క. లేతవాటి మీద మొద్దు అంచున్న హెరా లాంటి పనిముట్టుతో నొక్కితే గాడి పడుతుంది, ఉతికే పనే ఉండదు. తిన్నటి గీతలకి మాస్కింగ్ టేపు అంటించి పక్కనే కుట్టుకుంటూ పోవచ్చు, పూట అయిపోగానే పీకేయాలి. నీళ్లకి పోయే నీలం పెన్నుతో గీస్తే, అది పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ తగలనివ్వద్దు, గీత అలాగే ఉండిపోవచ్చు. ఇస్త్రీకి మాయమయ్యే పెన్ను అయితే చలికి మళ్లీ తేలుతుంది, పైగా చేతి అద్దకపు ముదురు గుడ్డల మీద పాలిపోయిన చార వదులుతుంది. నేనైతే దాన్ని ఈ పనికి వాడను.

సూది, దారం ఏవి?

"బిట్వీన్స్" అనే పొట్టి సూదులు. నంబరు పెరిగితే సూది చిన్నదవుతుంది. 8 లేదా 9తో మొదలుపెట్టి చెయ్యి కుదిరాక 10కి వెళ్లండి. దారం క్విల్టింగ్ కోసం మెరుపు పూత పూసిన నూలుది, మూర కంటే పొడుగు వద్దు. ఎక్కువైతే గుడ్డలోంచి వెళ్లి వెళ్లి పీచు లేస్తుంది.

ఆ చిన్న చిన్న కుట్లు అసలు ఎలా వేస్తారు?

ఫ్రేములో గుడ్డని డోలులా బిగించకండి. మధ్యలో అరచెయ్యి పెడితే కాస్త కుంగాలి. కుట్టే చేతి మధ్యవేలికి థింబుల్ (సూదిని నెట్టడానికి వేలికి పెట్టుకునే గుంటల తొడుగు) తొడగండి. ఇంకో చెయ్యి ఫ్రేము కింద ఉంటుంది.

సూదిని నిలువుగా దించండి. మొన కింది వేలికి తగిలీ తగలనట్టు తగలగానే ఆపేయాలి. ఇంకా దిగనిస్తే వెనకవైపు కుట్టు పొడుగైపోతుంది. ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు సూదిని వదిలేస్తాయి, దాని వెనక భాగం థింబుల్ గుంటలో కూర్చుంటుంది. థింబుల్‌తో సూదిని గుడ్డ మీదికి వాల్చండి. అదే క్షణంలో కింది వేలు గుడ్డని పైకి నెట్టి చిన్న గుబ్బ లేపాలి, పై చేతి బొటనవేలు ఆ గుబ్బకి ముందు గుడ్డని అదమాలి. మొన గుబ్బలోంచి ఆవగింజంత బయటికి తొంగిచూడగానే సూదిని మళ్లీ నిలువుగా లేపి దించండి. ఇలా మూడు నాలుగు కుట్లు సూదిమీదికి ఎక్కాక లాగండి. దారం కింద గుడ్డ కొంచెం గుంటపడేంత బిగువు చాలు, ముడుచుకునేంత వద్దు.

ముడిని గుడ్డ పైన వదలకూడదు. మొదలుపెట్టే చోటికి రెండు సెంటీమీటర్ల దూరంలో సూది దించి, బ్యాటింగ్‌లోంచి నడిపించి, కుట్టు మొదలయ్యే చోట తేల్చి, దారాన్ని చిన్న కుదుపుతో లాగండి. టప్పున ముడి లోపలికి దూరుతుంది. ముగించేటప్పుడూ అంతే: గుడ్డకి ఆనించి ముడివేసి, లోపలికి లాగి, దారాన్ని పొరల మధ్య కొంతదూరం నడిపించి కోసేయాలి.

అంగుళానికి ఎన్ని కుట్లు ఉండాలి?

పైన కనిపించేవి మాత్రమే లెక్కపెడితే, కొత్తవాళ్లకి ఐదారు, చెయ్యి తిరిగినవాళ్లకి పది, పన్నెండు. కానీ ఆ లెక్క మీద టెన్షన్ పడకండి. కుట్టూ, కుట్టుకీ మధ్య ఖాళీ సమానంగా ఉంటే ఆరైనా కంటికి ఇంపే.

దారం ఏ రంగు?

ప్రతి మెట్టుకీ దాని ఛాయ దారమే వాడితే కుట్టు మాయమై గుడ్డ మీది ఎత్తుపల్లాలే మిగులుతాయి. మొత్తం మీద ఒకే మధ్యరంగు దారం వాడితే ముదురు చోట లేతగా, లేత చోట ముదురుగా కనిపించి, నడుమ ఎక్కడో కాసేపు కనపడకుండా పోతుంది. నాకు ఆ రెండోదే ఇష్టం. పూత లేని తెల్ల నూలుదారాన్ని వదులు చిలపగా చుట్టి నాలుగో మెట్టు డబ్బాలో గుడ్డతోపాటే వేసేస్తే అచ్చంగా సరిపోయే దారం వస్తుంది. కుట్టేటప్పుడు దానికి కాస్త తేనెమైనం రాసుకోండి.

కుట్టు నమూనా ఎలా ఎంచుకోవాలి?

అతుకుల వెంబడే కుట్టుకుంటూ పోవద్దు, మెట్ల మధ్య గీతలు ఇంకా స్పష్టమైపోతాయి. అతుకుల్ని ఖాతరు చేయకుండా దాటిపోయే నమూనా కావాలి: వాలు గీతలు, మధ్య నుంచి వలయాలు, ఒకదానిలో ఒకటిగా ఇమిడే పెద్ద విల్లులు. ముదురు గుడ్డ మీద కుట్టు నీడలు కనిపించవు, లేత, మధ్య మెట్ల మీదే తేలుతాయి. ముచ్చటపడి వేసుకునే చిక్కటి పనేదైనా ఉంటే అటువైపే పెట్టుకోండి. దట్టంగా కుట్టిన చోట గుడ్డ అణిగిపోతుంది, పలచగా కుట్టిన చోట ఉబ్బుతుంది. కాబట్టి దట్టం మొత్తం మీద సమంగా ఉండాలి, లేకపోతే క్విల్ట్ పరిస్తే తిన్నగా పడుకోదు.

కింది వేలు పుండైపోతోంది. ఏం చేయాలి?

వేలికి పలచటి తోలు తొడుగో, టేపో చుట్టుకోండి. గంటల తరబడి కూర్చోకండి. మొదటి వారాల్లో ఇది మామూలే, తర్వాత చర్మం గట్టిపడుతుంది.

అంచుకి ఏ ఛాయ పెట్టాలి?

ముదురు చివర ముదురుది, లేత చివర లేతది పెడితే క్విల్ట్‌కి అంచు లేనట్టుంటుంది. నాలుగు వైపులా ఒకే ముదురు ఛాయ పెడితే చట్రంలో బిగించినట్టుంటుంది. ఆరు సెంటీమీటర్ల పీలికని రెండుగా మడిచి కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో అంచుకుట్టు వేయండి.

మొదటి ఉతుకులో ముదురు రంగు లేతవాటి మీదికి దిగింది. ఇక పోయినట్టేనా?

కాదు, ఆరనివ్వకపోతే చాలు. తడిగా ఉండగానే పెద్ద టబ్బులో బోలెడు వేడినీళ్లు, డిటర్జెంట్ వేసి క్విల్ట్ మొత్తం మునిగేలా గంటల తరబడి ఉంచి, నీళ్లు మార్చుతూ ఉండండి. దిగింది బంధం కట్టుకోని రంగే కాబట్టి అది అలాగే వచ్చేస్తుంది. ఉన్ని బ్యాటింగ్ పెట్టి ఉంటే మాత్రం ఇంత వేడి, కదలిక పనికిరావు, ఉన్ని గడ్డకడుతుంది. గోరువెచ్చని నీళ్లతో, నలపకుండా, ఎక్కువసార్లు మార్చాలి. బ్లీచ్ ఎప్పుడూ వద్దు, ఈ రంగుల్లో చాలావాటిని తినేస్తుంది.

ఎండకి వెలిసిపోతుందా? ఎలా దాచాలి?

ఉతుకుకి గట్టిగా నిలిచే ఈ రంగులు ఎండకి అంత గట్టివి కావు. కిటికీ ఎదురుగా గోడకి వేలాడదీస్తే కొన్నేళ్లకి వెలుస్తాయి. అన్ని మెట్లూ ఒకేలా వెలవవు, లేతవాటిలో ఉన్నదే కొంచెం కాబట్టి అవి ముందు తెల్లబడిపోతాయి. మంచం మీద వాడేదైతే అప్పుడప్పుడు తలవైపు, కాళ్లవైపు మార్చండి. దాచేటప్పుడు పాలిథిన్ సంచిలో పెట్టకుండా పాత నూలుదుప్పట్లో చుట్టండి, ఏడాదికి రెండుమూడుసార్లు మడతల చోట్లు మార్చండి.

మిగిలిన ముక్కల్ని మెట్టు నంబరు రాసి క్విల్ట్‌తోపాటే దాచండి, క్విల్ట్ ఉతికిన ప్రతిసారీ వాటినీ ఉతకండి. ఎప్పుడైనా చిరుగు పడితే మాసిక వేయడానికి అదే ఛాయ కావాలి. మళ్లీ అద్దుకుందాంలే అనుకుంటే కుదరదు: తేమ తగిలిన పాత పొడికి బలం తగ్గిపోతుంది, నీళ్లు మారతాయి, నాలుగో మెట్టు అనుకుని అద్దింది మూడున్నర దగ్గర ఆగుతుంది.